యాల్: ఒక్కరితో అన్నా అది బహువచనమే

‘యు’ అనే ఆంగ్ల సర్వనామం ఎదురుగా ఒకరున్నారో పదిమంది ఉన్నారో చెప్పదు. అమెరికా దక్షిణాది రాష్ట్రాలవాళ్ళు ఈ లోటును ‘యు’, ‘ఆల్’ అనే రెండు మాటల్ని కలిపేసి తీర్చుకున్నారు. అదే ‘యాల్’. వర్జీనియా, కరొలైనాల నుంచి జార్జియా, అలబామా, మిసిసిపీ, టెనెసీల మీదుగా టెక్సస్, ఓక్లహోమా దాకా ఇంట్లో, బజారులో, చర్చిలో, ఆఫీసులో ఇది మామూలు మాట. డాలస్ శివార్లలోని ఫ్రిస్కో, అట్లాంటా పక్కనున్న ఆల్ఫరెట్టా, నార్త్ కరొలైనాలోని క్యారీ లాంటి చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు బడిలో చేరీ చేరగానే దీన్ని పట్టేస్తుంటారు. పెద్దవాళ్ళు మాత్రం ఇది మన ‘మీరు’ లాంటిదే అనుకుని వాడబోయి తడబడుతుంటారు. ‘మీరు’ చేసే పనుల్లో సగమే ‘యాల్’ చేస్తుంది. పైగా ‘మీరు’ కంటే ‘మీ’, ‘మా’ అనే రూపాలకు దాని నడక దగ్గర. ఈ రెండు సంగతులు తెలిస్తే తెలుగువాళ్ళకు ఇది బోస్టన్, సియాటిల్ వాళ్ళకంటే తేలిగ్గా అర్థమవుతుంది.

పలుకు, రాత

పలకడానికి ఇది ఒక్క అక్షరమే. ‘బాల్’, ‘కాల్’ లాంటి మాటలకు ప్రాస కుదురుతుంది. వేగంగా మాట్లాడేటప్పుడు చివరి లకారం నాలుకకు పూర్తిగా తగలదు, దాదాపు ‘యావ్’ అన్నట్టు వినపడుతుంది. కెంటకీ వైపు ‘యు ఆల్’ అని రెండుగా పలికేవాళ్ళూ చాలామంది. అయితే అక్కడ ఊనిక ‘యు’ మీద పడి ‘ఆల్’ తేలిపోవాలి. ‘ఆల్’ను నొక్కి పలికితే అది సర్వనామం కాకుండా పోయి, ‘మీలో ప్రతి ఒక్కరూ’ అనే మామూలు పదబంధం అయిపోతుంది.

రాసేటప్పుడు ముందు ‘వై’ అక్షరం, వెంటనే అపాస్ట్రఫీ, ఆ తర్వాత ‘ఆల్’ తాలూకు మూడు అక్షరాలు. ‘యు’లో రాలిపోయిన ‘ఓ’, ‘యు’ అక్షరాల చోట నిలబడేది ఆ అపాస్ట్రఫీ. దాన్ని ఒక అక్షరం అవతలికి జరిపి, ‘వై’, ‘ఏ’ తర్వాత పెట్టడం చాలా తరచుగా కనిపించే తప్పు. ‘షీల్’, ‘వీల్’ లాంటి కుదింపుల్లో అపాస్ట్రఫీ చివరి రెండు ‘ఎల్’లకు ముందు వస్తుంది కాబట్టి చెయ్యి అలవాటుగా అటు పోతుంది. కానీ ఆ కుదింపుల్లో చివరన దాగి ఉన్నది ‘విల్’, ఇక్కడ ఉన్నది ‘ఆల్’. పుట్టి పెరిగిన దక్షిణాదివాళ్ళు కూడా ఈ తప్పు ధారాళంగా రాస్తారు, కనుక దుకాణం బోర్డు మీదో టీషర్టు మీదో కనపడిందని దాన్నే ప్రమాణం చేసుకోనక్కర్లేదు. ఈ మాట మీద విస్తృతంగా పనిచేసిన భాషాశాస్త్రవేత్తలు జాన్ టిలరీ, గై బెయిలీ తమ వ్యాసాల్లో అసలు అపాస్ట్రఫీయే లేకుండా రాశారు. ఇది రెండు మాటల కుదింపు స్థితి దాటిపోయి ఒకే మాటగా స్థిరపడింది అనే వాళ్ళకు ఆ రాత సబబుగానే ఉంటుంది.

ఒకే మాట అనడానికి రుజువులు

తెలుగులో ‘మీరందరూ’ అన్నా రెండు మాటల కలయికే కదా, తేడా ఏమిటి? విభక్తి చేర్చి చూస్తే తెలుస్తుంది. మిమ్మల్నందరినీ, మీ అందరికీ, మీ అందరితోనూ: ఇక్కడ ముందు మాటా మారుతోంది, వెనక మాటా మారుతోంది. అంటే ఆ రెండూ ఇంకా వేరు కాపురమే. ‘యాల్’ అలా కాదు. ‘మీ’ అనే అర్థం కావాలంటే మొత్తం మాటకు చివర ఒక్క సకారం తగిలిస్తే చాలు, ‘యాల్స్’ అవుతుంది: ‘ఈజ్ దట్ యాల్స్ కార్?’ అంటే ‘ఆ కారు మీదేనా?’ అని.

ఇంకో రుజువు ‘యాల్ టూ’, ‘యాల్ బోత్’ అనే వాడుకలు. ఈ రెంటికీ అర్థం ‘మీరిద్దరూ’. లోపలి ‘ఆల్’కు ‘అందరూ’ అనే అర్థం ఇంకా బతికే ఉంటే పక్కన ‘ఇద్దరూ’ అనే మాట ఇమడదు, తెలుగులో ‘మీరందరిద్దరూ’ అనలేనట్టే. ‘ఆల్’ తన సొంత అర్థాన్ని వదులుకుని బహువచన ప్రత్యయం స్థాయికి అరిగిపోయింది.

అరిగిపోయింది కాబట్టే ‘అందరూ’ అని గట్టిగా చెప్పవలసి వచ్చినప్పుడు మళ్ళీ ముందు ఇంకో ‘ఆల్’ చేర్చుకోవాల్సి వస్తుంది: ‘ఆల్ యాల్’. దీని గురించి ఉత్తరాదిలో ఒక హాస్యోక్తి చలామణిలో ఉంది, ‘యాల్’ ఏకవచనం, ‘ఆల్ యాల్’ దాని బహువచనం అని. నవ్వుకోవడానికి బాగుంటుంది, నమ్మితే తప్పు. క్లాసులో టీచరు ‘యాల్ హష్’ అన్నప్పుడు ముందు వరస మాత్రమే సద్దుమణిగిందనుకోండి. అప్పుడు ‘ఆల్ యాల్’ అంటుంది, ‘వెనకబెంచీవాళ్ళు కూడా, మినహాయింపు లేదు’ అని. నలుగురే ఉన్నచోట ‘ఆల్ యాల్’ వాడితే గదమాయిస్తున్నట్టు వినపడటానికి కారణం ఇదే.

సంబోధనగా కూడా ఇది నిలబడుతుంది. ‘హే యాల్’, ‘థాంక్స్, యాల్’, ‘లిసన్ అప్, యాల్’ అంటారు. ఒట్టి ‘యు’తో ఈ పని కాదు, ‘హే యు’ అంటే కసిరినట్టే.

నేర్చుకుని మాట్లాడేవాళ్ళు పట్టుబడిపోయేది మాత్రం ఇంకోచోట. ఈ మాట దొరికింది కదా అని కనపడిన ప్రతి ‘యు’ స్థానంలోనూ దీన్ని కూర్చోబెడతారు. దక్షిణాదివాళ్ళు అలా మాట్లాడరు. ‘యాల్ కెన్ లీవ్ వెన్ యు ఆర్ డన్ విత్ యువర్ వర్క్’ లాంటి వాక్యంలో బహువచనం మొదట ఒక్కసారి తెలిపితే చాలు, తర్వాతవి మామూలు ‘యు’, ‘యువర్’ కావచ్చు. ‘యాల్స్’ అనే షష్ఠీ రూపం ఉన్నా ‘యువర్’ వాడుకే హెచ్చు. ఇక ‘యు నెవర్ నో’ లాంటి వాక్యాల్లో ‘యు’ అంటే ఎదుటివాడు కాదు, లోకంలో ఎవరైనా. అక్కడ ‘యాల్’ ఎన్నడూ రాదు. ‘యాల్ నెవర్ నో’ అంటే ‘ఎవరు చెప్పొచ్చారు’ అనే అర్థం పోయి, ‘మీకెప్పుడూ ఏమీ తెలియదు’ అని ఎదుటివాళ్ళను తప్పుపట్టినట్టవుతుంది.

ఒక్కడితో ‘యాల్’ అనొచ్చా?

ఈ మాట చుట్టూ నూరేళ్ళకు పైగా నడుస్తున్న తగవు ఇదే. దక్షిణాదివాళ్ళు తాము ఒక్క మనిషిని ఉద్దేశించి ‘యాల్’ అనమని ఒట్టేసి చెబుతారు. బయటివాళ్ళు ‘మా చెవులతో విన్నాం’ అంటారు. ‘ఏకవచనంలో రాదు’ అన్నది దక్షిణాదిలో మతవిశ్వాసం స్థాయి సంగతి అనీ, దాన్ని శంకించడానికి ఆధారాలూ లేకపోలేదనీ పాత్రికేయుడు హెచ్.ఎల్. మెంకెన్ అమెరికన్ ఆంగ్లం మీద రాసిన గ్రంథంలో చెప్పాడు. ‘అమెరికన్ స్పీచ్’ అనే భాషాధ్యయన పత్రిక దశాబ్దాల పాటు ఈ తగవుకు వేదికైంది.

ఒక దృశ్యాన్ని దగ్గరగా చూద్దాం. టెక్సస్‌లో చిన్న హార్డ్‌వేర్ దుకాణం. కౌంటర్ వెనక ఒక్కడే మనిషి, దుకాణంలో ఇంకెవరూ లేరు. కొనడానికి వచ్చినాయన ‘డు యాల్ సెల్ ప్రొపేన్?’ అని అడుగుతాడు, ‘ప్రొపేన్ గ్యాసు అమ్ముతారా?’ అని. న్యూయార్క్ నుంచి వచ్చిన మనిషి పక్కన నిలబడి వింటే ‘ఇదిగో, ఒక్కడితో అన్నాడు’ అని రాసుకుంటాడు. అడిగినవాడి మనసులో ఉన్నది మాత్రం కౌంటర్ వెనక మనిషి కాదు, ఆ దుకాణం: యజమాని, పనివాళ్ళు, రేపు ఆ కౌంటర్‌లో ఉండబోయే ఇంకో కుర్రాడు, అందరూ కలిపి. ఎదురుగా ఉన్నవాడు ఆ గుంపుకు ప్రతినిధి. ‘డు యు సెల్ ప్రొపేన్?’ అన్నా తప్పు లేదు. కానీ దక్షిణాది చెవికి అది ‘నువ్వు స్వయంగా అమ్ముతావా?’ అన్నట్టు కాస్త వెలితిగా ఉంటుంది.

తెలుగువాడికి ఇందులో వింత ఏమీ ఉండకూడదు. తోబుట్టువులు లేని పిల్లాడు కూడా ‘మా అమ్మ’, ‘మా ఇల్లు’ అనే అంటాడు. పెళ్ళయినవాడు ‘మా ఆవిడ’ అంటే ఎవరూ తప్పుగా అర్థం చేసుకోరు. ప్రాణస్నేహితుణ్ణి ‘ఒరేయ్’ అని పిలుస్తూనే ‘మీ ఊళ్ళో వానలు పడ్డాయా?’ అంటాం, ‘నీ ఊళ్ళో’ అనం. ‘నువ్వు’ అనే చనువు ఎక్కడికీ పోలేదు. ఇల్లు, ఊరు, చుట్టరికం దగ్గరికి వచ్చేసరికి మనిషి ఒక్కడుగా కాక తనవాళ్ళతో కలిపి లెక్కలోకి వచ్చాడు, అంతే. ‘డు యాల్ హావ్ ఎ గార్డెన్?’ అని స్నేహితుణ్ణి అడిగే టెక్సస్ మనిషి చేసేదీ ఇదే, ‘మీకు తోట ఉందా?’ అని. భాషాశాస్త్రంలో దీనికి సాహచర్య బహువచనం అనే పేరు ఉంది. లెక్కకు వచ్చేవాళ్ళందరూ కళ్ళెదుట ఉండనక్కర్లేదు, ఒకరుండి మిగతావాళ్ళు తలపులో ఉంటే చాలు.

కాబట్టి ఏకవచన ‘యాల్’ అని చూపించే ఉదాహరణల్లో అధికభాగం ఒక చిన్న పరీక్షకు ఆగవు. ‘ఇతనితో పాటు ఇంకెవరు?’ అని అడిగి చూడండి. దుకాణం, కుటుంబం, ఆఫీసు, టీము, ఊరు, ఏదో ఒక జవాబు వస్తే అది బహువచనమే. జవాబే రాని ఉదాహరణలు కొన్ని మిగులుతాయి. ఒంటరిగా భోజనానికి వచ్చిన మనిషితో హోటల్ వెయిట్రెస్ ‘హౌ ఆర్ యాల్ డూయింగ్?’ అనడం అలాంటిదే. రోజంతా గుంపులతో అని అని ఆ పలకరింపు అచ్చుపోసినట్టు స్థిరపడిపోయిందని ఒక వివరణ, స్నేహం ఒలికించడానికి బహువచనం వాడుతున్నారని ఇంకో వివరణ. ఓక్లహోమాలో టిలరీ, బెయిలీ సర్వే చేసినప్పుడు ఒక్కరితో కూడా వాడతామని గణనీయమైన సంఖ్యలో జనం ఒప్పుకున్నారు కూడా. ఆ జవాబులిచ్చినవాళ్ళ మనసులో దుకాణం లాంటి సందర్భాలే ఉన్నాయా, నిజంగా ఒక్క మనిషే ఉన్నాడా అన్నది ప్రశ్నాపత్రంతో తేలే విషయం కాదు. చుట్టూ ఉన్న మాటలు కొంత సాయపడతాయి. ‘యువర్‌సెల్ఫ్’, ‘యువర్‌సెల్వ్స్’ అనే జంటలో ఆంగ్లం ఏకవచన, బహువచన భేదాన్ని ఇప్పటికీ నిలబెట్టుకుంది. ‘యాల్’ తర్వాత ఏది వచ్చిందో చెవి పెట్టి వింటే మాట్లాడేవాడి లెక్క తెలిసిపోతుంది.

దీని ప్రభావం ఎక్కువగా కనపడేది పిలుపుల్లో. సహోద్యోగి ఒక్కడే ఎదురుగా ఉన్నప్పుడు ‘వై డోంట్ యాల్ కమ్ ఓవర్ సాటర్‌డే?’ అన్నాడంటే భార్యాపిల్లలతో సహా రమ్మని. ‘సకుటుంబంగా’ అనే మాట ఆ ఒక్క లకారంలో ఉంది. ఒంటరిగా వెళ్ళి తలుపు తడితే ‘మీవాళ్ళేరీ?’ అన్న ప్రశ్న ఎదురవుతుంది. వంట కూడా అందరికీ సరిపడా చేసి ఉంటుంది. దీనికి పక్కనే ఇంకో మెలిక ఉంది. బయల్దేరేటప్పుడు గుమ్మంలో నిలబడి ‘యాల్ కమ్ సీ అజ్’, ‘యాల్ కమ్ బ్యాక్’ అంటే అది పిలుపు కాదు, సాగనంపే మర్యాద, మన ‘అప్పుడప్పుడు వస్తూ ఉండండి’ లాంటిది. రోజు, వేళ చెబితే పిలుపు, చెప్పకపోతే వీడ్కోలు.

గౌరవం దీని పని కాదు

తెలుగు ‘మీరు’ రెండు బరువులు మోస్తుంది: బహువచనం ఒకటి, గౌరవం ఒకటి. ‘రండి’ అని వినపడితే ఒక పెద్దాయనను పిలిచారో నలుగురు కుర్రాళ్ళను పిలిచారో చూస్తేగానీ తెలియదు. ఆంగ్లంలోనూ ఒకప్పుడు ఇదే జరిగింది. ఏకవచనానికి ‘దౌ’, బహువచనానికి ‘యీ’ ఉండేవి. 13వ శతాబ్దం నుంచి ఫ్రెంచి దర్బారు మర్యాద ప్రభావంతో పెద్దలను బహువచనంలో పిలవడం మొదలైంది. ఆ మర్యాద కిందికి పాకి పాకి అందరికీ ‘యు’యే అయిపోయింది, 17వ శతాబ్దానికల్లా ‘దౌ’ మామూలు మాటల్లోంచి తప్పుకుంది. దేవుడి ముందు అందరూ సమానమే అంటూ న్యాయమూర్తులను సైతం ‘దౌ’ అని పిలిచిన క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు అమర్యాదపరులుగా దెబ్బలు తిన్నారు. తర్వాత కొన్నాళ్ళు ‘యు వజ్’ అంటే ఒకరు, ‘యు వర్’ అంటే పలువురు అని క్రియతో తేడా చూపే వాడుక నడిచింది. 1762లో వచ్చిన వ్యాకరణంలో రాబర్ట్ లౌత్ దాన్ని తప్పని కొట్టేశాడు. అక్కడితో ప్రామాణిక ఆంగ్లానికి దారులన్నీ మూసుకుపోయాయి. మాండలికాలు ఎవరి దారి వారు వెతుక్కున్నాయి.

‘యాల్’ ఇప్పటిదాకా గౌరవవాచకం వైపు అడుగు వేయలేదు. మేనేజరును ఒక్కరినే ఉద్దేశించి ‘కుడ్ యాల్ అప్రూవ్ మై లీవ్?’ అని రాస్తే గౌరవించినట్టు కాదు, ‘మీ డిపార్ట్‌మెంటువాళ్ళు’ అన్నట్టు. దక్షిణాదిలో గౌరవం ‘సర్’, ‘మ్యామ్’ల చేతిలో ఉంది. ‘యెస్ మ్యామ్’ అంటే అచ్చంగా ‘అవునండీ’. మన ‘మీరు’ ఒక్కటే చేసే పనిని వాళ్ళు రెండుగా పంచుకున్నారు: సంఖ్య ‘యాల్’కు, మన్నన ‘మ్యామ్’కు. రెండూ ఒకే వాక్యంలో రావడానికి అడ్డేమీ లేదు. అమ్మమ్మ, తాత కూర్చుని ఉంటే మనవడు ‘యాల్ వాంట్ సమ్ టీ, మ్యామ్?’ అని అమ్మమ్మ వైపు చూసి ఇద్దరినీ అడగగలడు.

తెలుగులో గౌరవం కలవని బహువచనం కావాలంటే ‘ఏమర్రా’, ‘రండర్రా’, ‘చూడండర్రా’ ఉన్నాయి. పలకరింపులోని వెచ్చదనంలో ‘హే యాల్’కు అన్నింటికంటే దగ్గరగా వచ్చేది ఈ ‘అర్రా’యే. కానీ దాన్ని చిన్నవాళ్ళ మీద, చనువున్నవాళ్ళ మీద మాత్రమే వాడగలం. ‘యాల్’కు ఆ కట్టుబాటు లేదు. పాస్టరుగారినీ ఆయన భార్యనూ కలిపి అన్నా, సెనేటరు బృందాన్ని అన్నా ఎవరూ నొచ్చుకోరు.

ఎక్కడ పుట్టింది

‘యు ఆల్’ కుదించుకుపోయి ‘యాల్’ అయిందన్నది అందరూ చెప్పే మాట. భాషాశాస్త్రవేత్త మైకేల్ మాంట్‌గోమరీ దీనికి ఒక అభ్యంతరం లేవదీశాడు. ఆంగ్లంలో మామూలు కుదింపుల్లో అరిగేది రెండో మాట: ‘ఐ హావ్’ కుదిస్తే ‘ఐ’ నిలిచి ‘హావ్’ తోక మిగులుతుంది. ‘యాల్’లో అరిగింది మొదటి మాట, రెండోది నిక్షేపంగా ఉంది. అందుకని దీని మూలం స్కాట్లండ్ పలుకులోని ‘యీ ఆ’ అనే బహువచన రూపం కావచ్చనీ, 18వ శతాబ్దంలో ఉత్తర ఐర్లండులోని అల్స్టర్ నుంచి అపలాచియన్ కొండల వెంబడి దిగిన స్కాట్స్-ఐరిష్ వలసదారులు దాన్ని తెచ్చి ఉంటారనీ వాదించాడు. జాన్ లిప్‌స్కీ 1993లో రాసిన వ్యాసంలో నల్లవారి పలుకు నుంచి తెల్లవారి పలుకుకు అన్న దిశలో ఈ మాట ప్రయాణాన్ని పరిశీలించాడు. 1631 నాటి ఒక ఇంగ్లండు కావ్యంలో కుదింపు రూపం అచ్చులోనే కనపడింది. కానీ అక్కడ ఛందస్సు కోసం ఒక అక్షరం మింగేసిన కవి పనితనమే తప్ప దక్షిణాది సర్వనామంతో దానికి పేగుబంధం చూపించడం కష్టం. ఒకే మూలం కోసం పట్టుబట్టడం కంటే, తోటల్లో, కొండల్లో, రేవుల్లో కలగలిసిన పలుకులన్నింటికీ బహువచనం అవసరపడిందనీ, ‘యు’ పక్కన ‘ఆల్’ అందుబాటులో ఉందనీ అనుకోవడం మేలు. అమెరికాతో సంబంధం లేని చోట్ల కూడా ఇదే పుట్టడం దానికి ఊతం.

ఆ చోట్లలో ఒకదానికి తెలుగువాళ్ళతో నేరుగా ముడి ఉంది. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి ఒప్పంద కూలీలతో దక్షిణాఫ్రికాలోని నటాల్ ప్రాంతపు రేవు డర్బన్ చేరింది. 1911 వరకు అలా నటాల్‌కు వెళ్ళిన లక్షన్నర మందిలో చాలామంది మద్రాసు రేవు నుంచి వెళ్ళినవాళ్ళే. వాళ్ళలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. 20వ శతాబ్దంలో ఆ కుటుంబాలు క్రమంగా ఆంగ్లంలోకి మారిపోయాయి. వాళ్ళ ఆంగ్లాన్ని అధ్యయనం చేసిన రజెండ్ మేస్త్రీ అందులో ‘యాల్’ మామూలు బహువచన సర్వనామంగా నడుస్తోందని నమోదు చేశాడు. నువ్వు, మీరు అనే తేడా ఉన్న భాషలోంచి వచ్చినవాడికి ఒట్టి ‘యు’ ఇరుకుగా తోచడం సహజం.

మన దగ్గర టీచర్లు ‘యు ఆల్ సిట్ డౌన్’ అనేదీ ఆ ఇరుకును దాటడానికే. ‘హూ ఆల్ ఆర్ కమింగ్?’ అనే ఆంగ్లాన్ని భారతీయ తప్పుగా వెక్కిరిస్తుంటారు. ‘ఎవరెవరు వస్తున్నారు?’ అనే అర్థంలో అమెరికా దక్షిణాదివాళ్ళూ అచ్చం అలాగే అంటారు.

ఇరుగుపొరుగు, వ్యాప్తి

మిగతా చోట్ల ఈ లోటును రకరకాలుగా పూడ్చుకున్నారు. పిట్స్‌బర్గ్‌లో ‘యింజ్’, న్యూయార్క్, లివర్‌పూల్, ఆస్ట్రేలియాల్లో ‘యూజ్’, ఐర్లండులో ‘యీ’, ఇంగ్లండులో ‘యు లాట్’, అమెరికా ఉత్తర, పడమర ప్రాంతాల్లో ‘యు గైజ్’. 2000ల తొలి ఏళ్ళలో భాషాశాస్త్రవేత్త బెర్ట్ వాక్స్ నడిపిన హార్వర్డ్ మాండలిక సర్వేలో ‘యు గైజ్’ అన్నవాళ్ళు 42 శాతం పైచిలుకు, ‘యాల్’ అన్నవాళ్ళు 14 శాతం. అప్పటి నుంచి గాలి ‘యాల్’ వైపు మళ్ళుతోంది. ‘గై’ అంటే మగవాడు కదా, ఆడవాళ్ళున్న బృందాన్ని అలా పిలవడమేమిటి అన్న ఆక్షేపణ ఆఫీసుల్లో బలపడింది. దానికి లింగభేదం లేని జవాబు చేతిలోనే ఉంది.

దక్షిణాది బయట దీన్ని వినగానే తెల్లవారి పల్లెపలుకు అనుకోవడం కూడా పొరపాటే. 1910 నుంచి 1970 దాకా దాదాపు 60 లక్షల మంది నల్లవారు దక్షిణాది నుంచి షికాగో, డెట్రాయిట్, న్యూయార్క్ లాంటి నగరాలకు తరలిపోయారు. ‘యాల్’ వాళ్ళతో పాటే వెళ్ళి అక్కడ తరాలుగా స్థిరపడింది.

కొత్తగా వెళ్ళిన తెలుగువాళ్ళు దీన్ని వాడొచ్చా అంటే, నిక్షేపంగా. యాస మాత్రం అరువు తెచ్చుకోవద్దు. మాటను మామూలుగా పలికితే కలిసిపోయారంటారు, గొంతు సాగదీసి పలికితే వెక్కిరించారంటారు. ‘యాల్ గైజ్’ అని రెండూ కలపడం అనవసరం. ఒప్పందాలు, లీగల్ నోటీసులు, వీసా కాగితాల్లో వద్దు. టీముకు రాసే ఈమెయిల్‌లో ఇబ్బంది లేదు. అన్నింటికంటే ముఖ్యంగా ‘మీరంతా’, ‘మీవాళ్ళు’ అనే అర్థంలో మనవాళ్ళు అలవాటుగా వాడే ‘యు పీపుల్’ను అమెరికాలో అడుగు పెట్టగానే మరిచిపోవాలి. మన ఆంగ్లంలో అది అమాయకమైన బహువచనం. అక్కడ, ముఖ్యంగా నల్లవారి చెవికి, ఒక జాతిని వేలెత్తి చూపినట్టు ఉంటుంది. దాని స్థానంలో ‘యాల్’ చక్కగా సరిపోతుంది.

తెలుగులోకి తెచ్చేటప్పుడు

సబ్‌టైటిళ్ళు రాసేవాళ్ళు, యంత్రానువాదాలు ‘యాల్’ కనపడగానే ‘మీరు’ అని పెట్టేస్తాయి. చాలాసార్లు నష్టం లేదు. నష్టం వచ్చేది ‘యు’కూ ‘యాల్’కూ మధ్య తేడా మీదే వాక్యం నిలబడినప్పుడు. ‘ఆర్ యు కమింగ్, ఆర్ ఆర్ యాల్ కమింగ్?’ అన్నదాన్ని ‘మీరు వస్తున్నారా, లేక మీరు వస్తున్నారా?’ అంటే అర్థమే లేదు. ‘మీరొక్కరే వస్తున్నారా, ఇంటిల్లిపాదీ వస్తున్నారా?’ అనాలి. చనువు ముఖ్యమైతే ‘అర్రా’, మొత్తం గుంపు ముఖ్యమైతే ‘మీరంతా’, ఎదుట లేనివాళ్ళు ముఖ్యమైతే ‘మీవాళ్ళు’, ‘మీ ఇంట్లో’.

తెలుగు సునాయాసంగా గెలిచే సందర్భాలూ ఉన్నాయి. లూకా సువార్త 22వ అధ్యాయం 31, 32 వచనాల్లో యేసు తన శిష్యుడు సీమోనుతో మాట్లాడుతూ, సాతాను ‘మిమ్మును’ కోరుకొన్నాడనీ, తాను ‘నీకొరకు’ వేడుకొన్నాననీ అంటాడు. ముప్పు శిష్యులందరికీ, ప్రార్థన సీమోను ఒక్కడి కోసం. 1611 నాటి ఆంగ్ల బైబిల్లో ‘యు’, ‘దీ’ అనే రెండు వేర్వేరు మాటలు ఈ తేడాను పట్టుకున్నాయి. రెంటికీ ‘యు’ అనే పెట్టుకున్న నేటి ఆంగ్ల అనువాదాల్లో అది మాయమైంది, దాన్ని అడుగున గమనిక రాసి చెప్పాల్సి వస్తోంది. ఆ బాధ పడలేక డాలస్‌లో తయారైన ఒక వెబ్ బైబిల్ బహువచన ‘యు’లన్నింటినీ తీసేసి ‘యాల్’ పెట్టింది.